ఫస్టియర్ షూటర్‌ను ఎలా అంచనా వేయాలి? ఆంథనీ ఎడ్వర్డ్స్ మొదటి ఏడాది చెప్పేదేమిటి

(కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లు, బాస్కెట్‌బాల్ కోచ్‌ల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇంటర్ ముగించుకొని డిగ్రీలో చేరిన కుర్రాడు మీ కోర్టుకు వస్తాడు. ఎత్తు ఉంది, ఎగురుతాడు, పరుగులో అతణ్ణి పట్టేవాడు లేడు. కానీ దూరం నుంచి వేసిన బంతి మాత్రం రింగుకు తగిలి బయటికే వస్తుంది. ఇతనికి షూటింగ్ రాదని తేల్చి రింగు కింద ఆడే పని మాత్రమే అప్పగించాలా, రెండేళ్లు ఓపిక పట్టి షూటర్‌గా తీర్చిదిద్దాలా అన్నది మీలో ప్రతి ఒక్కరికీ ఏటా ఎదురయ్యే ప్రశ్నే. ఈరోజు నేను మాట్లాడేది ఆ ఒక్క ప్రశ్న గురించే. ఉదాహరణలన్నీ అమెరికా కాలేజీ ఆట నుంచే తీసుకుంటాను. మనవాళ్లు లేరని కాదు. మన టోర్నమెంట్ల స్కోరు షీటు మీద పడిన బంతులే గాని తప్పిపోయిన బంతులు ఎవరూ రాయరు కాబట్టి, మన కుర్రాడి శాతం ఎంతో మనకే తెలియదు. అక్కడ ప్రతి షాటుకూ లెక్క ఉంది, ఆ కుర్రాడు తరవాత ఏమయ్యాడో కూడా లెక్క ఉంది.

ఆంథనీ ఎడ్వర్డ్స్ పేరు మీలో చాలామంది విన్నదే. ఇప్పుడతను అమెరికా వృత్తి లీగు ఎన్‌బీఏలో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ జట్టుకు ప్రాణం. 2019–20లో మాత్రం అతను జార్జియా విశ్వవిద్యాలయంలో ఫస్టియర్ విద్యార్థి. 2019 ఆగస్టులో పద్దెనిమిదేళ్లు నిండాయి. అసలు లెక్క ప్రకారం ఇంకో ఏడాది హైస్కూల్లోనే ఉండవలసినవాడు, ఒక సంవత్సరం ముందుగా చదువు ముగించి కాలేజీకి వచ్చాడు. 32 ఆటల్లో సగటున 19.1 పాయింట్లు చేసి, తాను ఆడిన ఎస్‌ఈసీ లీగులో ఆ ఏటి మేటి ఫస్టియర్ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అదే కుర్రాడు మూడు పాయింట్ల గీత అవతల నుంచి 245 సార్లు బంతి వేస్తే 72 మాత్రమే పడ్డాయి. అంటే 29.4 శాతం. పైగా అతను వేసిన మొత్తం షాట్లలో ఇంచుమించు సగం ఆ గీత అవతలివే.

ఆ శీతాకాలంలో అతని గురించి జరిగిన చర్చంతా ఈ అంకె చుట్టూనే తిరిగింది. ఒకవైపు, 2019 నవంబరులో హవాయిలో మిషిగన్ స్టేట్ జట్టు మీద అతను చేసిన 37 పాయింట్లు ఉన్నాయి. వాటిలో 33 రెండో సగంలోనే వచ్చాయి, అయినా జార్జియా ఆ ఆట ఓడిపోయింది. మరోవైపు, చేతిలో పది సెకన్ల సమయం ఉండగానే, ఎదుట డిఫెండర్ చెయ్యి చాచి నిలబడి ఉండగానే, వెనక్కి అడుగు వేసి దూరం నుంచి కొట్టి పోగొట్టుకున్న బంతులు ఎన్నో. ఆ రెండో సగం చూసినవాళ్లు ఇతనికి షూటింగ్ పుట్టుకతోనే ఉందన్నారు, మిగతా సీజన్ చూసినవాళ్లు ఎప్పటికీ రాదన్నారు. ఇద్దరూ తొందరపడ్డారనే నా అభిప్రాయం.

ముందు ఆ అంకె బలమెంతో చూద్దాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. షూటింగ్ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు, 245 మెతుకులు పట్టినా అనుమానం మిగులుతుంది. గణాంకశాస్త్రంలో చదువుకునే మామూలు సూత్రాన్నే ఇక్కడ వేసి చూస్తే, 245 షాట్లలో 29.4 శాతం వచ్చిన ఆటగాడి అసలు సామర్థ్యం సుమారు 24 నుంచి 35 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చని తేలుతుంది. 24 అంటే అతని చేతికి బంతి వస్తే ఎదుటి జట్టు సంతోషిస్తుంది. 35 అంటే అతణ్ణి ఒంటరిగా వదలడానికి భయపడుతుంది. ఒకే అంకె కింద ఈ ఇద్దరు ఆటగాళ్లూ దాక్కొని ఉన్నారు. అతనికన్నా నాలుగేళ్ల ముందు, 2015–16లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఫస్టియర్‌గా ఆడిన జేలెన్ బ్రౌన్ శాతం కూడా సరిగ్గా 29.4. అతను వేసినవి 102 షాట్లే కాబట్టి అతని విషయంలో ఆ అవధి 20 నుంచి 38 దాకా పోతుంది. ఇక మన జట్లలో ఒక కుర్రాడు సీజన్ మొత్తం మీద వేసే దూరపు షాట్లు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. వాటితో శాతం కట్టి ‘వీడు షూటర్ కాడు’ అని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అలాగని ఆ అంకెను కొట్టిపారేయమనడం లేదు. అతను అప్పటికి 40 శాతం షూటర్ కాడన్న సంగతి మాత్రం అది గట్టిగానే చెబుతోంది. సరిగ్గా ఆ సీజన్‌లోనే మరో మార్పు జరిగిందని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా పురుషుల కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీత అంతకు ముందు 20 అడుగుల 9 అంగుళాల దూరంలో, అంటే సుమారు 6.32 మీటర్ల దగ్గర ఉండేది. 2019–20 నుంచి దాన్ని 6.75 మీటర్లకు జరిపారు. మన కోర్టుల మీద మనం గీసుకునే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) గీత కూడా అదే. దాంతో దేశం మొత్తం మీద కాలేజీ జట్ల సగటు దాదాపు ఒక శాతం పడిపోయి 33 దగ్గరికి వచ్చింది. కాబట్టి ఎడ్వర్డ్స్‌ను పోల్చవలసింది అంతకు ముందటి ఏడాది ఫస్టియర్లతో కాదు, ఆ 33తో. అప్పుడు అతని లోటు నాలుగు శాతమే. 245 షాట్లలో నాలుగు శాతమంటే పది బంతులు, సీజన్ మొత్తానికి.

ఆ పది బంతులూ ఎలాంటి షాట్లలో పోయాయన్నది అంతకన్నా ముఖ్యం. పాస్ అందుకొని, కాళ్లు అప్పటికే రింగు వైపు తిరిగి ఉండగా వేసే షాటు ఒక రకం. నాలుగు సార్లు డ్రిబుల్ చేసి (బంతిని నేలకు కొట్టి), పక్కకో వెనక్కో జరిగి, శరీరం ఇంకా కదులుతూ ఉండగా వేసే షాటు మరో రకం. రెండో రకంలో ప్రపంచంలోని మేటి షూటర్లకు కూడా శాతం తగ్గుతుంది. ఎడ్వర్డ్స్ ఆడిన జార్జియా జట్టు ఆ ఏడు 16 గెలిచి 16 ఓడింది, ఎస్‌ఈసీ లీగులో 5 గెలిచి 13 ఓడింది. అతనికి తేలికైన షాటు తయారుచేసి అందించేవాళ్లు ఆ జట్టులో తక్కువ. తన షాటు తానే తయారుచేసుకోవాలి, ఆటకు 33 నిమిషాలు మైదానంలో ఉండాలి, ఎదుటి జట్టు వ్యూహమంతా తన మీదే ఉంటుంది. ఇన్ని బరువుల కింద పద్దెనిమిదేళ్ల కుర్రాడు వేసిన షాట్లను, నలుగురు మంచి ఆటగాళ్ల మధ్య మూలలో నిలబడి తీరిగ్గా వేసేవాడి షాట్లతో కలిపి ఒకే గాటన కట్టకూడదు.

మరి అసలు చేతి నేర్పు ఎక్కడ కనబడుతుంది? కొత్త ఆటగాళ్లను వెతికే అమెరికా స్కౌట్లు చాలాకాలంగా ఫ్రీ త్రోల వైపు, అంటే ఎదుటివాడి ఫౌల్‌కు బదులుగా దొరికే అడ్డులేని షాట్ల వైపు చూస్తారు. గీతకూ బోర్డుకూ మధ్య 4.6 మీటర్లు, ఆ దూరం మారదు. ఎదుట ఎవరూ ఉండరు, తొందర ఉండదు, ఆయాసం మాత్రమే ఉంటుంది. కాబట్టి మణికట్టు, వేళ్లు, మోచేయి ఎంత నికరంగా పనిచేస్తున్నాయో అక్కడ ఏ కల్తీ లేకుండా తెలుస్తుంది. ఎడ్వర్డ్స్ జార్జియాలో వేసిన సుమారు 170 ఫ్రీ త్రోలలో 77.2 శాతం పడ్డాయి. దూరపు షాట్లలో 29, ఫ్రీ త్రోలలో 77 అంటే లోపం చేతిలో కన్నా షాట్ల ఎంపికలో ఎక్కువగా ఉందని అనుమానించాలి. వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2020లో, అతణ్ణి అందరికన్నా ముందుగా ఎంచుకున్న మిన్నెసోటా ఈ తేడాను గమనించకుండా ఉంటుందని నేననుకోను.

దీనికి తిరగేసిన ఉదాహరణ లాంజో బాల్. 2016–17లో యూసీఎల్‌ఏ ఫస్టియర్‌గా మూడు పాయింట్ల షాట్లలో 41.2 శాతం సాధించాడు. చూసినవాళ్లంతా షూటర్ అన్నారు. కానీ ఫ్రీ త్రోలలో 67.3 శాతమే. కుడిచేతి ఆటగాడై ఉండి బంతిని ముఖానికి ఎడమ పక్క నుంచి ఎత్తేవాడు. ఎన్‌బీఏలో లేకర్స్ జట్టు తరఫున మొదటి ఏడాది మూడు పాయింట్ల శాతం 30.5కు, ఫ్రీ త్రోల శాతం 45.1కి పడిపోయాయి. ఆ తరవాత న్యూ ఓర్లీన్స్‌కు మారాక షూటింగ్ కోచ్ ఫ్రెడ్ విన్సన్ దగ్గర షాటును దాదాపు మొదటి నుంచి కట్టుకుంటే గాని మూడు పాయింట్ల షాట్లలో 37 శాతం దాటలేదు. ఇక్కడ ఫస్టియర్ శాతం తప్పు చెప్పింది, ఫ్రీ త్రో ఒప్పు చెప్పింది.

అయితే ఫ్రీ త్రోను వేదవాక్కుగా పట్టుకునేవాళ్లకు నేను రెండు పేర్లు గుర్తు చేస్తాను. ఒకటి, ఇందాక చెప్పిన జేలెన్ బ్రౌనే. అతని ఫస్టియర్ ఫ్రీ త్రోలు 65.4 శాతం; ఆ లెక్కన అతను ఎన్నటికీ షూటర్ కాకూడదు. బాస్టన్‌లో రెండో ఏటికే మూడు పాయింట్ల షాట్లలో 39.5 శాతానికి చేరాడు, 2024 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో మేటి ఆటగాడిగా నిలిచాడు. రెండోది మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్. 2012లో కెంటకీ జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో ఫస్టియర్. ఫ్రీ త్రోలు 74.5 శాతం, ఎడ్వర్డ్స్‌కు కాస్త తక్కువ, అంతే. ఆ ఏటి డ్రాఫ్టులో రెండోవాడిగా షార్లెట్‌కు వెళ్లాడు. మోచేయి బయటికి పోతుంది, షాటు మధ్యలో చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది. దాన్ని సరిచేయడానికి 2013లో మార్క్ ప్రైస్ సహాయ కోచ్‌గా వచ్చారు. ప్రైస్ అంటే సామాన్యుడు కాదు, తన వృత్తి జీవితంలో ఫ్రీ త్రోలలో 90 శాతం సాధించినవాడు. దగ్గరి షాటు కొంత బాగుపడింది కూడా. ఇంతలో 2015 అక్టోబరులో భుజం దెబ్బతిన్నది, కోలుకొని వచ్చిన కొద్ది రోజులకే మళ్లీ దెబ్బతిన్నది. దూరపు షాటు అతనికి చివరిదాకా రాలేదు. బాగుపడినవాళ్ల కథలే మనం చెప్పుకుంటాం గనుక అందరూ బాగుపడతారనిపిస్తుంది. కిడ్-గిల్‌క్రిస్ట్‌కు క్రమశిక్షణ తక్కువా కాదు, గురువు తక్కువవాడూ కాదు.

ఎడ్వర్డ్స్‌కూ కిడ్-గిల్‌క్రిస్ట్‌కూ తేడా అంకెల్లో కనబడదు, బంతి చేతిని విడిచే తీరులో కనబడుతుంది. ఇది మీ వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, పురుషుల బంతి వ్యాసం సుమారు 24. కానీ బంతి పై నుంచి నిట్టనిలువుగా దిగదు, ఏటవాలుగా వస్తుంది. ఏటవాలుగా వచ్చే బంతికి ఆ రింగు గుండ్రంగా కాక, నొక్కినట్టు కోలగా కనబడుతుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే దానికి దొరికే దారి దాదాపు 32 సెంటీమీటర్లు. బంతి పోగా ఎనిమిది సెంటీమీటర్ల వెసులుబాటు. అదే 35 డిగ్రీలకు దిగితే దారి 26 సెంటీమీటర్ల లోపే; వెసులుబాటు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. 30 డిగ్రీలకు దిగితే దారి 22.5 సెంటీమీటర్లు, అసలు బంతే పట్టదు, రింగుకు తగిలి అదృష్టముంటే లోపల పడాలి. పది డిగ్రీల తేడాకు వెసులుబాటు నాలుగో వంతుకు పడిపోయిందన్నమాట. చూపుకు ఆ పది డిగ్రీలు ఏమంత పెద్ద తేడాగా కనిపించవు, అందుకే చాలామంది కోచ్‌లు ‘దురదృష్టం’ అని వదిలేస్తారు.

బంతి ఎందుకు చదునుగా పోతుంది? ఫస్టియర్ కుర్రాళ్ల విషయంలో నేను ముందు కాళ్లనే చూస్తాను. అమెరికా స్కూళ్లలో గీత దగ్గరగా ఉంటుంది, ఆట నెమ్మదిగా ఉంటుంది. కాలేజీలో రెండో సగం మధ్యకు వచ్చేసరికి తొడల్లో బలం అయిపోతుంది. కాళ్ల నుంచి రావలసిన బలం రాకపోతే దాన్ని భుజం నుంచి తెచ్చుకుంటాడు, భుజం బలం బంతిని పైకి కాక ముందుకు తోస్తుంది. అలాంటి షాటు ఎక్కువగా రింగు ముందు అంచుకే తగులుతుంది. కాబట్టి తప్పిపోయిన బంతి రింగుకు ఏ వైపు తగిలిందో చూడండి. ఎప్పుడూ ముందు అంచుకే తగిలేవాడికి కావలసింది కాళ్ల వ్యాయామం, దమ్ము. వాడి మోచేతి జోలికి పోవద్దు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోయేవాడిది వేరే జబ్బు. అక్కడ మోచేయి, ఎడమ చేతి బొటనవేలు, బంతి పట్టే తీరు చూడాలి. మొదటివాడికి ఒక వేసవి చాలు. రెండోవాడికి ఏళ్లు పడుతుంది, ఫలితం వస్తుందన్న హామీ లేదు.

ఈ రెండో రకం మరమ్మతుకు చక్కటి ఉదాహరణ కవాయ్ లియోనార్డ్. సాన్ డియెగో స్టేట్‌లో 2009–10లో ఫస్టియర్‌గా అతని మూడు పాయింట్ల శాతం 20.5. రెండో ఏడు 29.1. 2011 డ్రాఫ్టులో పదిహేనోవాడిగా ఇండియానా తీసుకొని ఆ రాత్రే సాన్ ఆంటోనియోకు ఇచ్చేసింది. అక్కడ షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ అతని చేతిలో మార్చింది కొంచెమే. బంతిని తలకు మరీ ఎత్తున పట్టుకొని విడిచే అలవాటును కాస్త ముందుకు, కిందికి తెచ్చాడు. మొదటి వృత్తి సీజన్‌లోనే 37.6 శాతం వచ్చింది. ఎంగెలాండ్ మొత్తం షాటును కూల్చి కట్టలేదన్నది గమనించదగ్గది. బాగున్న భాగాలను ముట్టుకోలేదు. మనలో కొందరికి కొత్త కుర్రాడు కనబడగానే నిలబడే తీరు నుంచి వేళ్ల చివర దాకా అన్నీ ఒకేసారి మార్చేయాలన్న ఆత్రం ఉంటుంది, అది అతని చేతికి ఉన్న కాస్త నమ్మకాన్నీ పోగొడుతుంది.

మార్చడానికి కాలం కూడా కావాలి. అమెరికా కాలేజీల్లో సీజన్ నడుస్తుండగా ఆటగాడి చేత వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదన్న నియమం ఉంది. అందులోనే జట్టు వ్యూహాలు, ఆటలు, వ్యాయామం అన్నీ. షాటు మార్చే పనికి మిగిలేది చాలా తక్కువ. అసలు మార్పు వేసవుల్లో జరుగుతుంది. ఎడ్వర్డ్స్‌లాగా ఒక్క ఏడాది ఆడి వృత్తి ఆటకు వెళ్లిపోయేవాడికి కాలేజీలో రెండో వేసవి అన్నదే ఉండదు. అతని విషయంలో 2020 మార్చిలో కోవిడ్ వల్ల సీజన్ అర్ధాంతరంగా ఆగింది, జూన్‌లో జరగవలసిన డ్రాఫ్టు నవంబరు 18కి వెళ్లింది. అనుకోకుండా దొరికిన ఆ ఎనిమిది నెలల తరవాత కూడా మొదటి సీజన్‌లో అద్భుతమేమీ జరగలేదు. 32.9 శాతం, అదీ ఆటకు ఏడుకు పైగా షాట్లు వేస్తూ. రెండో ఏడు 35.7. మూడో ఏడు 36.9. నాలుగో ఏడు మళ్లీ 35.7కు దిగింది. ఐదో ఏడు, 2024–25లో, 39.5 శాతంతో 320 మూడు పాయింట్ల బంతులు రింగులో పడేసి ఆ సీజన్‌లో లీగు మొత్తానికి మొదటివాడయ్యాడు. అదీ కాలేజీ గీత కన్నా వెనక, కోర్టు మధ్యభాగంలో 7.24 మీటర్ల దూరంలో ఉండే గీత నుంచి.

ఈ వరుసలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది నాలుగో ఏడు. మూడు పాయింట్ల శాతం ఆ ఏడు తగ్గింది గనుక ఎదుగుదల ఆగిందని చాలామందికి అనిపించి ఉంటుంది. కానీ అదే సీజన్‌లో ఫ్రీ త్రోలు 75.6 నుంచి 83.6కు ఎగబాకాయి. అంతకు ముందు మూడేళ్లూ 75కూ 79కీ మధ్యే తిరుగాడిన అంకె అది. చెయ్యి కుదురుకున్న సంగతి ముందు ఫ్రీ త్రో గీత దగ్గర బయటపడి, ఏడాది తరవాత దూరపు గీత దగ్గర కనబడింది. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టలేను గాని, మీ దగ్గర నలిగిపోతున్న కుర్రాడి ఫ్రీ త్రోలు పెరుగుతుంటే, ఆటలో బంతి పడకపోయినా మరో సీజన్ ఆగమని చెప్పడానికి నాకు ఇది చాలు.

మీ దగ్గర కెమెరాలు, కంప్యూటర్లు లేవని నాకు తెలుసు. చాలా కళాశాలల్లో రింగుకు వల కూడా సరిగ్గా ఉండదు. అయినా ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి కలం ఇవ్వండి. షాటు పాస్ మీద వచ్చిందా డ్రిబుల్ మీద వచ్చిందా, తప్పిపోతే రింగుకు ముందు తగిలిందా, వెనక తగిలిందా, పక్కలకు పోయిందా అన్న రెండు సంగతులు మాత్రం రాయించండి. సాధనలో ఫ్రీ త్రోలు తాజాగా ఉన్నప్పుడు కాక, పరుగు పెట్టించిన వెంటనే వేయించి, ఆ అంకె వేరుగా రాయించండి. దసరా సెలవుల నాటికి మీకు శాతం కన్నా చాలా ఎక్కువ తెలుస్తుంది.

ఇక ఎప్పుడూ తేలని పేచీ ఒకటుంది. బంతి పడని ఫస్టియర్‌ను ఎన్ని షాట్లు వేయనివ్వాలి? జార్జియా కోచ్ టామ్ క్రీన్ ఎడ్వర్డ్స్‌ను ఆటకు దాదాపు ఎనిమిది మూడు పాయింట్ల షాట్లు వేయనిచ్చాడు. దానికి జట్టు మూల్యం చెల్లించింది. 32 ఆటల్లో 16 ఓడిన సంగతి ఇందాకే చెప్పాను, ఆ ఓటములన్నీ అతని షాట్ల వల్లేనని కాదు గాని కొన్నింటిలో వాటి పాత్ర లేదనలేం. ఆ షాట్లను సగానికి తగ్గించి ఉంటే అతని శాతం పెరిగేది, జట్టు బహుశా ఇంకో రెండు ఆటలు గెలిచేది. నేనైతే డ్రిబుల్ చేసి వెనక్కి అడుగువేసి కొట్టే షాట్లను, అదీ షాట్ క్లాక్ (షాటు వేయడానికి జట్టుకున్న గడువు చూపే గడియారం) మీద ఇంకా పదిహేను సెకన్లు ఉండగా వేసేవాటిని, గట్టిగానే ఆపేవాణ్ణి. తప్పితే బయటికి పిలిచి కూర్చోబెట్టేవాణ్ణి. కానీ పాస్ అందుకొని కాళ్లు కుదిరాక వేసే షాటు విషయంలో, వరుసగా ఆరు తప్పినా, ఏడోది వేయకుండా మానేసినప్పుడు మాత్రమే మందలించేవాణ్ణి. ఆ కుర్రాణ్ణి ఒకసారి షాటుకు భయపడేలా చేస్తే, మణికట్టులో ఏ లోపమూ లేకపోయినా, తిరిగి చెయ్యి ఎత్తించడానికి పట్టే కాలం మోచేయి సరిచేయడానికి పట్టే కాలం కన్నా ఎక్కువ. ఇక మీ ప్రశ్నలు అడగండి.